పాత పుస్తకంలో కొత్త గీత

మా నాయనమ్మ జనవరి 1న పుట్టింది. ఆవిడ చెల్లెలూ జనవరి 1నే. మా వీధిలో డెబ్బై దాటినవాళ్ల ఆధార్ కార్డులన్నీ ఒకచోట పేర్చి చూస్తే, ఊళ్లో మంత్రసానికి ఏడాదంతా సెలవు, ఆ ఒక్కరోజే ఊపిరాడని పని అనిపిస్తుంది. నాలుగక్షరాలు చదువుకున్నవాళ్ల సంగతి కొంచెం వేరు. వాళ్లలో ఎక్కువమంది జూన్‌లోనో జూలైలోనో పుట్టారు, బడి తెరిచేనాటికి సరిగ్గా అయిదేళ్లు నిండేటట్టు. ఆ తేదీలు వేసింది రిజిస్టరు ముందేసుకుని కూర్చున్న హెడ్మాస్టర్లు.

ఈ మాట ఎక్కడ ఎత్తినా అందరూ నవ్వుతారు. ఆ నవ్వు తగ్గాక ఎవరో ఒకరు అడుగుతారు: "అంతంత కంప్యూటర్లున్నాయి కదండీ, తెలియకపోతే తెలియదని రాసుకోవచ్చుగా? జనవరి 1 ఎందుకు వెయ్యాలి?" ఆ పక్కాయన ఇంకో ప్రశ్న అందుకుంటాడు: "శనివారం రాత్రి పన్నెండు నుంచి పొద్దున నాలుగు దాకా సేవలు ఉండవని మెసేజీలొస్తాయి. కొత్తగా ఏదో ఒక్క వివరం చేరుస్తున్నారట. ఎక్సెల్‌లో అయితే మౌసు కుడి మీట నొక్కితే కాలమ్ వచ్చేస్తుంది. దానికి రాత్రంతా ఎందుకు?"

చూడటానికి సంబంధం లేని ప్రశ్నలు. రెండూ ఒకే పనిలోంచి పుట్టినవి. ఎప్పుడో మొదలుపెట్టి, లక్షలో కోట్లో పేర్లు ఎక్కేశాక, ఆ పట్టికకు కొత్తగా ఒక కాలమ్ చేర్చాలి. చేర్చాక పాత పేర్లన్నిటి ఎదుటా ఏదో ఒకటి నింపాలి. మొదటి పని యంత్రానిది, ఎంత కష్టమైనా దారులున్నాయి. రెండోది గతాన్ని ఒక కొత్త ప్రశ్న అడగడం. అప్పట్లో ఎవరూ అడగని ప్రశ్నకు ఇప్పుడు జవాబు ఎక్కణ్నుంచి తెస్తాం?

## చదివింపుల పుస్తకం

మా అక్క పెళ్లిలో చదివింపులు రాసింది మా బాబాయి. పొడుగు నోటుపుస్తకం కొని, స్కేలు పెట్టి మూడు గీతలు గీసి నాలుగు వరసలు చేశాడు: సంఖ్య, పేరు, ఊరు, రూపాయలు. ఆ రోజు ఆరువందల పేర్లు ఎక్కాయి. మూడేళ్లకు మా అన్న పెళ్లి వచ్చింది. పుస్తకంలో బోలెడు కాగితాలు మిగిలి ఉన్నాయి, కొత్తది దండగ అని బాబాయి దాన్నే బయటికి తీశాడు. అప్పుడొచ్చింది చిక్కు. ఇకమీదట "ఏ పెళ్లి" అని ఇంకో వరస కావాలి. లేకపోతే రేపు ఎవరింట్లోనైనా శుభకార్యమైనప్పుడు, ఆయన మనకు పెట్టిన అయిదువందలు అక్క పెళ్లిలోవా, అన్న పెళ్లిలోవా అన్నది తేలదు.

డేటాబేస్‌లో పట్టిక, అదే టేబుల్, అచ్చం ఈ పుస్తకమే. నిలువు వరసను కాలమ్ అంటారు, అడ్డు వరసను రో అంటారు. ఒక్కో అడ్డు వరస ఒక్కో మనిషిది. వివరాలన్నిటినీ ఇలా పట్టికలుగా అమర్చుకుంటే, అవి డిస్కులో ఏ మూల ఎలా పడివున్నాయో పట్టించుకోకుండానే కావలసింది అడిగి తెచ్చుకోవచ్చని 1970లో ఒక వ్యాసంలో చూపించినవాడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో ఐబీఎం వారి శాన్ హోసే ప్రయోగశాలలో పనిచేసేవాడు. నాలుగేళ్ల తర్వాత అదే సంస్థలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు, ఆ అడగడానికో భాష తయారుచేశారు. మొదట దాని పేరు సీక్వెల్, తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. ఈ భాషలో కాలమ్ చేర్చమనే ఆజ్ఞ ఒక్క వాక్యం. ఆల్టర్ టేబుల్ అని పట్టిక పేరు చెప్పి, యాడ్ కాలమ్ అని కొత్త కాలమ్ పేరు చెప్పి, అందులో పట్టేవి అంకెలా, అక్షరాలా, తేదీలా అన్నది చెబితే సరి.

బాబాయి దగ్గర ఆ భాష లేదు, స్కేలుంది. కుడివైపు మిగిలిన జాగాలో గీత గీసి, ప్రతి పేరు ఎదుటా "పెద్దమ్మాయి పెళ్లి" అని రాయడం మొదలుపెట్టాడు. పుటకు ఇరవై అయిదు పేర్ల లెక్కన ఇరవై నాలుగు పుటలు. రెండో పుట పూర్తయ్యేసరికి చెయ్యి పీకింది. కాఫీ తాగి వచ్చి, అట్ట లోపలివైపు ఒక మాట రాసి పుస్తకం మూసేశాడు: "24వ పుట దాకా ఉన్నవన్నీ పెద్దమ్మాయి పెళ్లివి."

## అట్ట లోపలి మాట

బాబాయికి కాఫీ చల్లారేలోపు తట్టిన ఈ ఉపాయం పెద్ద పెద్ద డేటాబేస్‌లకు చాలా ఆలస్యంగా అబ్బింది.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సంగతే చూద్దాం. అందరూ వాడుకోదగ్గ ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అందులో పట్టికంతా ఎనిమిది కిలోబైట్ల పుటలుగా డిస్కులో ఉంటుంది. ఒక్కో పుటలో అడ్డు వరసలు ఇరుకు గదిలో పడుకున్న పెళ్లివారిలా ఒకరి పక్కన ఒకరు సర్దుకుని ఉంటాయి, మధ్యలో ఖాళీ ఉండదు. ఒక్కో వరస 200 బైట్లనుకుంటే పుటకు నలభై పడతాయి. అయిదు కోట్లమంది వివరాలున్న పట్టికకు పన్నెండున్నర లక్షల పుటలు కావాలి. ప్రతి వరసలోనూ ఇంకో ముక్క ఇరికించాలంటే ఎవరో ఒకరు పక్కకు జరగాలి, జాగా చాలక కొందరు వేరే పుటకు పోవాలి. అంటే పుస్తకం మొత్తాన్ని మొదటినుంచి తిరగరాయడమే. కాలమ్ చేర్చేటప్పుడే పాతవాళ్లందరికీ ఫలానా విలువ వెయ్యమని చెబితే పోస్ట్‌గ్రెస్ ఒకప్పుడు చేసింది అదే. రాసినంతసేపూ ఆ పట్టికను ఇంకెవరూ తాకడానికి వీల్లేదు. శనివారం రాత్రి మెసేజీలకు ఒక కారణం ఇదీ.

ఏ విలువా చెప్పకుండా ఉత్త కాలమ్ చేర్చడం మాత్రం అప్పుడూ తేలికే. ప్రతి వరస తలమీదా తాను ఎన్ని కాలమ్‌లతో పుట్టిందో చిన్న అంకె ఉంటుంది. అయిదు కాలమ్‌ల కాలంలో పుట్టిన వరసను ఆరోది అడిగితే, నా దగ్గర లేదు, ఖాళీ అని జవాబొస్తుంది. ఒక్క పుట కూడా తిరగరాయక్కర్లేదు.

2018లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 11 ఈ పద్ధతిని ఒక మెట్టు పైకి తీసుకెళ్లింది. పట్టికల గురించి తానే ఉంచుకునే మరో పట్టిక ఉంటుంది, మన పుస్తకానికి అట్ట లాంటిది. అందులో ఒక మాట రాసిపెడుతుంది: ఈ కాలమ్ లేని పాత వరసలు ఎదురైతే ఫలానా విలువ ఉన్నట్టే చదువుకో. అంతే, కోటి వరసలున్నా కన్ను మూసి తెరిచేలోపు పని అయిపోతుంది. అదే ఏడాది మైఎస్‌క్యూఎల్ 8 అనే ఇంకో డేటాబేస్‌లోనూ ఇలాంటి సదుపాయమే వచ్చింది. దాన్ని రాసి ఇచ్చింది చైనాలోని టెన్సెంట్ వారి ఆటల విభాగం. రాత్రీ పగలూ ఆగకుండా ఆడేవాళ్లతో వేగేవాళ్లకే కదా పట్టిక ఆపడంలో బాధ తెలిసేది! ఒరాకిల్ వాళ్లు మాత్రం కొంత ముందే, తమ డేటాబేస్ 11జీ నాటికే దీన్ని పట్టుకున్నారు.

ఇలా ఏమీ చెప్పనప్పుడు యంత్రం తనంతట తాను వేసే విలువను డిఫాల్ట్ అంటారు. నేను దాన్ని "చెప్పకపోతే విలువ" అంటాను. బాబాయి పుస్తకంలో అది అక్షరాలా నిజం, ఇరవై నాలుగు పుటల దాకా అన్నీ అక్క పెళ్లివే. అన్నిచోట్లా అలా కుదరదు. ఒక సంఘం సభ్యుల పట్టికలో "చేరిన తేదీ" అనే కాలమ్ లేదని కొన్నేళ్లకు గుర్తొచ్చిందనుకోండి. ఇంజినీరు కుర్రాడు కాలమ్ చేర్చి, చెప్పకపోతే ఈ క్షణం వేసుకో అని డిఫాల్ట్ పెడతాడు. కొత్తగా చేరేవాళ్లకు అది చక్కగా సరిపోతుంది. కానీ పోస్ట్‌గ్రెస్ ఆ "ఈ క్షణం" అన్నదాన్ని ఒక్కసారే లెక్కకట్టి అట్ట మీద రాసేసుకుంటుంది. దాంతో ఇరవయ్యేళ్ల కిందటి సభ్యులు కూడా సరిగ్గా ఈ సాయంత్రం ఆరూ నలభై రెండుకి మూకుమ్మడిగా చేరిపోతారు. యంత్రం తప్పేమీ చెయ్యలేదు. అడిగిందే చేసింది.

## కవరు ఇంకా విప్పలేదు

తెలియకపోతే తెలియదని రాసుకోవచ్చుగా అన్న మొదటి ప్రశ్నకు ఇప్పుడొద్దాం. రాసుకోవచ్చు. దానికి నల్ అనే గుర్తుంది. చాలామంది దాన్ని సున్నా అనుకుంటారు, కాదు. చదివింపుల పుస్తకంలో రూపాయల వరసలో సున్నా ఉందంటే ఆయన వచ్చాడు, భోంచేశాడు, ఏమీ పెట్టకుండా వెళ్లాడు. ఖాళీగా ఉందంటే కవరు చేతికిచ్చాడు, మనమే ఇంకా విప్పలేదు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే చుట్టరికాలు చెడతాయి.

నల్‌తో లెక్కలు కాస్త వింతగా ఉంటాయి. బాబాయి "ఎవరి వైపు" అని ఇంకో వరస గీసి, ఆరువందలమందిలో 350 మంది ఆడపెళ్లివారి తాలూకు, 200 మంది మగపెళ్లివారి తాలూకు అని తేల్చాడనుకుందాం. మిగిలిన యాభైమంది ఎవరో గుర్తు రాలేదు, ఖాళీగా వదిలాడు. ఇప్పుడు డేటాబేస్‌ను ఆడపెళ్లివారు ఎంతమంది అని అడిగితే 350 అంటుంది. ఆడపెళ్లివారు కానివాళ్లు ఎంతమంది అంటే 250 అనాలి కదా? 200 అంటుంది. ఆ యాభైమంది "అవును"లోనూ లేరు, "కాదు"లోనూ లేరు. వాళ్ల విషయంలో దాని జవాబు "ఏమో". అవును, కాదు, ఏమో అనే ఈ మూడు వైపుల తర్కాన్ని మరిచిపోయి రాసిన నివేదికల్లో మనుషులు చప్పుడు చెయ్యకుండా మాయమైపోతుంటారు. మొత్తం ఆరువందలని కింద ఉంటుంది, పైన కూడితే అయిదువందల యాభై వస్తుంది.

ఖాళీల్లో కూడా రకాలున్నాయని కాడ్‌కే తర్వాత తోచింది. పెళ్లైన మనిషి భర్త పేరు మనకు తెలియకపోవడం ఒకటి, అసలు పెళ్లే కాని మనిషికి ఆ గడి వర్తించకపోవడం ఇంకొకటి. ఈ రెంటికీ వేర్వేరు గుర్తులుండాలని 1990లో వేసిన పుస్తకంలో వాదించాడు. ఎస్‌క్యూఎల్ వినలేదు. ఈనాటికీ అందులో ఒక్కటే నల్. నా మట్టుకు నాకు కాడ్ మాటే సబబుగా తోస్తుంది. కాకపోతే ఒక్క "ఏమో"తోనే ఇన్ని తిప్పలు పడేవాళ్లం, రెండు రకాల ఏమోలతో ఏమైపోయేవాళ్లమో!

పోనీ నల్ వద్దు, దాని బదులు ఏదో ఒక మాట రాసేద్దాం అనుకుంటే ఇంకో తంటా. కాలిఫోర్నియాలో ఒక కంప్యూటర్ భద్రతా నిపుణుడు 2016లో సరదాకి తన కారుకి అంకెల బదులు "నల్" అనే అక్షరాలున్న నంబరు ప్లేటు తీసుకున్నాడు. యంత్రాలు తనను పట్టుకోలేవని తమాషా చేద్దామనుకున్నాడు. పోలీసులు నంబరు నింపడం మరిచిన చలానాలన్నీ ఆయన పేరుకు రావడం మొదలైంది. ఎవరివో కార్లు, ఎక్కడివో తప్పులు, మొత్తం పన్నెండు వేల డాలర్లు దాటింది. ఎక్కడో ఎవరో ఖాళీని ఖాళీగా ఉంచకుండా, ఖాళీ అనే మాటగా రాశారు. ఆ మాట ఒక మనిషి పేరైంది.

మరి నాయనమ్మ కార్డులో ఖాళీ ఎందుకు లేదు? దేశమంతటికీ వర్తించే జనన మరణాల నమోదు చట్టం 1969లో గాని రాలేదు. అంతకుముందు పల్లెల్లో పుట్టినవాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ అనే కాగితమే లేదు. కానీ ఈనాటి పట్టికల్లో ఆ కాలమ్‌ను సాధారణంగా తప్పనిసరి చేస్తారు, ఖాళీ వదిలితే యంత్రం ముందుకు కదలదు. పైగా అది తేదీలు మాత్రమే పట్టే గడి. తేదీ అంటే రోజు, నెల, సంవత్సరం మూడూ ఉండాల్సిందే. ఆవిడకు దాదాపు ఏ ఏడాదో తెలుసు, తక్కిన రెండూ తెలియవు. మూడింట ఒకవంతు తెలిసినదాన్ని మూడింట ఒకవంతుగానే రాసుకునే వీలు ఆ గడికి లేదు. కాబట్టి ఏడాది ముందు 01-01 తగిలించారు. సగం తెలిసిన విషయం పూర్తిగా తెలిసినట్టు వేషం వేసుకుని కూర్చుంది.

## మూడు రామచంద్రపురాలు

విలువ అందరికీ ఒకటే కానప్పుడు, ఖాళీగానూ వదలలేనప్పుడు, వేరే పట్టికలోంచి తెచ్చి నింపాలి. తెలుగువాళ్లకు ఇది బాగా అనుభవమైన విషయం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ తెల్లవారితే బ్యాంకులు, బీమా సంస్థలు, పుస్తకాల దుకాణాలు, చిరునామాలు దాచుకునే ప్రతివాళ్లకూ ఒక కొత్త కాలమ్ అవసరమైంది: కొత్త జిల్లా.

జిల్లా మారినా మండలం మారదు కదా, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పటినుంచీ చిరునామాల్లో అది ఉంటూనే ఉంది కదా, అది చూసి నింపేద్దాం అనిపిస్తుంది. ఎడమవైపు మండలం, కుడివైపు కొత్త జిల్లా ఉన్న చిన్న పట్టిక ఒకటి తయారుచేసుకుని, మండలం పేరు కలిసినచోట జిల్లా తెచ్చి వెయ్యమంటే సరి. దీన్ని జాయిన్ అంటారు, ముడి వెయ్యడం. పెళ్లి పుస్తకంలో "ఎవరి వైపు" నింపడానికి బాబాయి శుభలేఖలు పంచిన జాబితా తెచ్చి పక్కన పెట్టుకోవడం లాంటిదే.

ముడి ఎక్కడ వెయ్యాలో చూసుకోకపోతే మాత్రం కొంపలంటుకుంటాయి. రామచంద్రపురం పాత తూర్పు గోదావరి జిల్లాలో ఒక మండలం, 2022లో కోనసీమకు వెళ్లింది. తిరుపతి పక్కన పాత చిత్తూరు జిల్లాలో ఇంకో రామచంద్రాపురం ఉంది, అది తిరుపతి జిల్లాకు పోయింది. ఉమ్మడి రాష్ట్రం నాటి పట్టికైతే బీహెచ్ఈఎల్ దగ్గర మెదక్ జిల్లాలో మూడోదీ తగులుతుంది, అది 2016లో సంగారెడ్డికి చేరింది. మనం ఒక దీర్ఘంతో తేడా చూపిస్తాం గానీ, ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన పట్టికలో మూడూ ఒకటే. మధ్యలో ఎవరో బద్ధకించి ఆర్సీపురం అని కూడా రాసివుంటారు. ఒక్క మండలం పేరుతో ముడివేస్తే ద్రాక్షారామం దగ్గరివాళ్లు తిరుపతిలో తేలతారు. పాత జిల్లా, మండలం రెండూ కలిపి ముడివెయ్యాలి. తెలంగాణలో అదీ చాలదు. అక్కడ జిల్లాలతోపాటు వంద పైచిలుకు కొత్త మండలాలు కూడా పుట్టాయి, ఊళ్లు ఒక మండలంలోంచి ఇంకోదానిలోకి వెళ్లాయి. కాబట్టి ఊరి పేరు దాకా దిగాల్సిందే.

పాత జిల్లా కాలమ్‌లోనే కొత్త పేరు రాసేస్తే పోలా అంటారా? వరంగల్‌ను చూడండి. 2016 దాకా అది పెద్ద జిల్లా. ఆ తర్వాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని విడిగా ఉన్నాయి. 2021లో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు ఉత్త వరంగల్ అయింది. పట్టికలో "వరంగల్" అని కనిపిస్తే అది ఏ ఏటి వరంగలో తెలిస్తే గాని ఉపయోగం లేదు. పాతదాన్ని చెరిపేస్తే, రేపు ముడి తప్పని తేలిన రోజున మళ్లీ ముడివెయ్యడానికి కొస దొరకదు. అందుకే కొత్త గడి కొత్తగానే ఉండాలి.

నింపే ఆజ్ఞ పేరు అప్‌డేట్. దాని చివర వేర్ అని చెప్పి ఏ వరసలకు వర్తిస్తుందో రాయాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం నేను ఆ చివరి ముక్క రాయకుండానే మీట నొక్కాను. క్షణంలో మా ఖాతాదారులందరూ గుంటూరు జిల్లావాళ్లయిపోయారు, శ్రీకాకుళంవాళ్లతో సహా. మా సీనియర్ నా మొహం చూసి, "బిగిన్ కొట్టావా?" అని ఒక్కటే అడిగాడు. కొట్టలేదు. మొదట బిగిన్ అని చెబితే, ఆ తర్వాత చేసిందంతా చిత్తుప్రతి కిందే లెక్క. చూసుకుని నచ్చితే కమిట్ అనొచ్చు, లేదంటే రోల్‌బ్యాక్ అని అంతా వెనక్కి తిప్పుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్ చేర్చడాన్ని కూడా ఇలా వెనక్కి తీసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో, ఒరాకిల్‌లో కుదరదు, అక్కడ గీత గీస్తే గీసినట్టే. ఆ రాత్రి ముందురోజు నకలు తెచ్చి అందర్నీ ఎవరి జిల్లాకు వాళ్లను పంపేసరికి రెండు దాటింది.

## గేటు వేసి ఉంచితే

అట్ట మీద ఒక మాట రాసుకునే పనికి క్షణమే పడుతుందన్నాను కదా. ఆ క్షణం కూడా పట్టికను ఇంకెవరూ చదవకూడదు, రాయకూడదు. దీన్ని తాళం అంటారు, లాక్. క్షణమే కదా అని పట్టపగలు ఈ పని చేసి సైటు మొత్తం పడుకోబెట్టినవాళ్లు బోలెడుమంది.

ఎందుకో రైల్వే గేటు దగ్గర నిలబడితే అర్థమవుతుంది. రైలు గేటు దాటడానికి నిమిషం చాలు. కానీ గేటు వేసేది రైలు కనిపించకముందే. ఆ రైలు కాస్తా సిగ్నలు దొరక్క పక్క స్టేషన్లో ఆగిపోయిందనుకోండి. పట్టాలు ఖాళీ, అయినా అటు బస్సులు, ఇటు లారీలు కిలోమీటరు పొడుగున నిలిచిపోతాయి. ఇక్కడా అంతే. ఎవరో నెలాఖరు నివేదిక కోసం పట్టికంతా తాపీగా చదువుతుంటారు. మన ఆల్టర్ టేబుల్ వాళ్లు లేచేదాకా ఆగాలి. అది ఆగితే ఆగింది, దాని వెనక వచ్చినవాళ్లందరూ దాన్ని దాటి పోలేక వరసలో నిలబడిపోతారు, అరక్షణంలో తమ పని చూసుకుని పోయేవాళ్లు కూడా. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి మందు ఒక గడువు పెట్టుకోవడం. రెండు సెకన్లలో తాళం చేతికి రాకపోతే ఆ ప్రయత్నం మానుకో, గేటెత్తి అందర్నీ పోనివ్వు, కాసేపాగి మళ్లీ చూద్దాం అని ముందే చెప్పిపెట్టాలి. నాలుగైదుసార్లలో ఎప్పుడో ఒకప్పుడు సందు దొరుకుతుంది.

గీత పడింది. ఇప్పుడు నింపడం. అయిదు కోట్ల వరసలకు ఒక్క అప్‌డేట్ ఆజ్ఞ ఇవ్వాలనే ఆశ పుడుతుంది, ఇవ్వకూడదు. పోస్ట్‌గ్రెస్‌ది పాతకాలపు కరణం పద్ధతి. రాసినదాన్ని చెరపదు, దానిమీద ఒక అడ్డగీత కొట్టి, సవరించిన వరసను మొత్తంగా వేరేచోట కొత్తగా రాస్తుంది. పాతదాన్ని ఇంకా ఎవరైనా చూస్తుంటారేమోనని దాని జాగ్రత్త. ఒక్క దెబ్బలో అందరినీ మారిస్తే పుస్తకం దాదాపు రెట్టింపు లావవుతుంది. అడ్డగీతలు కొట్టినవాటిని ఊడ్చడానికి వాక్యూమ్ అనే పనివాడున్నాడు, కానీ ఆ పెద్ద అప్‌డేట్ ముగిసేదాకా అతను చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడాల్సిందే. మధ్యలో కరెంటు పోతే చేసిందంతా గోవింద.

నాట్లు వేసేవాళ్లు ఏం చేస్తారు? మడి తర్వాత మడి వేస్తారు. అయిదువేల వరసలు ఒక మడి అనుకుంటే, అయిదు కోట్లకు పదివేల మడులు. ఒక్కో మడికి అరసెకను పని, అరసెకను విరామం. మొత్తం పదివేల సెకన్లు, అంటే మూడు గంటలకు పావుగంట తక్కువ. ఈలోపు బస్సులూ లారీలూ తిరుగుతూనే ఉంటాయి, ఎవరికీ తెలియనైనా తెలియదు. "కొత్త జిల్లా ఖాళీగా ఉన్న వరసలకే" అని చెప్పి రాస్తే, మధ్యలో ఆగినా భయం లేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు నాటిన మడుల్లో కాలు పెట్టదు. ఇంజినీర్లు దీన్ని బ్యాక్‌ఫిల్ అంటారు. వెనకటి పూరింపు అనుకోవచ్చు.

ఇందులో అందరూ ఒక్కసారైనా చేసే పొరపాటుంది. పాతవాళ్లకు నింపడం మొదలుపెడతారు, కొత్తగా చేరేవాళ్ల ఫారంలో మాత్రం ఆ గడి ఇంకా పెట్టివుండరు. వెనక నింపుతుంటే ముందు ఖాళీలు పుడుతూనే ఉంటాయి. కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టు. ముందు కొత్తవాళ్లు గడి నింపేలా చూసి, ఆ తర్వాతే వెనక్కి వెళ్లాలి. అంతా అయ్యాక ఖాళీలెన్ని మిగిలాయో లెక్కపెట్టి, సున్నా వస్తేనే ఆ కాలమ్‌ను తప్పనిసరి చెయ్యాలి. సున్నా రాదు. ఊరి పేరు రాయనివాళ్లు, ఊరి పేరు గడిలో ఇంటి నంబరు రాసినవాళ్లు, "పైదే" అని రాసినవాళ్లు (పైన ఏముందో దేవుడికే తెలియాలి) కొన్ని వందలమంది తేలతారు. వాళ్లను మనుషులే కూర్చుని చూడాలి. ఆ ఓపిక లేనిచోటే ఎవరో ఒకరు ఏదో ఒకటి వేసి చేతులు దులుపుకుంటారు.

మరీ పెద్ద పట్టికలున్నచోట వేరే దారి పడతారు. పాత ఇంట్లో ఉంటూనే పక్క స్థలంలో కొత్తది కట్టుకుని, సామాను కొంచెం కొంచెంగా చేరవేసి, ఒక మంచిరోజు చూసి ఇంటి నంబరు పలక మార్చేసినట్టు. కొత్త కాలమ్‌తో ఖాళీ పట్టికను సృష్టించి, పాతదాన్ని కాస్తకాస్తగా అందులోకి పోస్తూ, ఆలోపు పాతదానిలో జరిగే మార్పుల్ని కూడా ఎప్పటికప్పుడు చేరుస్తూ, చివర పేర్లు మారుస్తారు. ఫేస్‌బుక్ 2010లో మైఎస్‌క్యూఎల్ కోసం ఇలాంటి పనిముట్టును బయటపెట్టింది, గిట్‌హబ్ 2016లో ఇంకొకదాన్ని.

## అట్లతద్ది ముందురోజు

ఆధార్ నమోదులో పుట్టిన తేదీకి తోడుగా, అది ఎలా తెలిసిందన్న వివరం కూడా ఉంటుంది: కాగితం చూసి రాసింది, మనిషి చెప్పింది, ఉజ్జాయింపుగా వేసింది. వెరిఫైడ్, డిక్లేర్డ్, అప్రాక్సిమేట్ అని మూడు రకాలు. ఇలాంటి పక్క కాలమ్ నాకెంతో ఇష్టం. విలువను ఒక గడిలో ఉంచి, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో పక్క గడిలో ఉంచితే, జనవరి 1 చూసిన ప్రతివాడూ మోసపోనక్కర్లేదు. అయితే చేతికొచ్చే కార్డు మీద తేదీ ఒక్కటే అచ్చవుతుంది. పక్క గడి పుస్తకంలోనే ఉండిపోతుంది.

మా నాయనమ్మ కార్డులో 01-01-1947 అని ఉంది. ఇది రాస్తూ ఒకరోజు ఆవిడ పక్కన కూర్చుని, "అసలు నువ్వు ఎప్పుడు పుట్టావే?" అని అడిగాను.

"ఎప్పుడేంట్రా, అట్లతద్ది ముందురోజు. మా అమ్మ ఆ ఏడు ఉయ్యాల ఊగలేదని వందసార్లు చెప్పుకునేది."

"ఏ ఏడు?"

"స్వరాజ్యం వచ్చినప్పుడు నేను పాకుతున్నానట. జెండా ఎగరేసే చోటికి ఎత్తుకుపోతే, అక్కడ పంచిన బిళ్ల గొంతులో పడబోయిందట."

అట్లతద్ది అంటే ఆశ్వయుజ బహుళ తదియ. 1947 ఆగస్టు 15కి పాకే పిల్లంటే, అంతకుముందు అట్లతద్దికి ముందురోజు పుట్టివుండాలి. 1946 నాటి తిథులు లెక్కవేస్తే అది అక్టోబరు రెండో వారంలో పడింది. నమోదు చేసిన కుర్రాడి దగ్గర తేదీలు పట్టే గడి ఉంది, నాయనమ్మ దగ్గర తిథి ఉంది. ముడివెయ్యాల్సిన పట్టిక ఆ ఏటి పంచాంగం. ఈ ఏటి గంటల పంచాంగం మా ఇంట్లో దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడుతూనే ఉంది.

ఈ సంగతంతా చెప్పి, కార్డులో మార్పిద్దామా అన్నాను. "ఇప్పుడెందుకురా, పింఛను ఆగిపోతుంది" అంది.